మాణిక్యం గిన్నె

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని లెస్తారికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు. అన్నం నోట్లో పెట్టుకోవాలని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

ఆ పిల్ల పెడన వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. ఎదురింటి విజయకుమారి, విదేశీ పిల్ల తింటుందో తినదో చూద్దామని, స్టీలు గిన్నెలో గోంగూర పచ్చడి పంపింది. లెస్తారి తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా మళ్ళీ వేయించుకుని మరీ తింది. తర్వాత గిన్నెను తళతళలాడేలా తోమి, తుడిచి, రెండు చేతులతో పట్టుకెళ్ళి ఎదురింట్లో ఇచ్చి, వంగి దండం పెట్టి, ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చింది.

"గిన్నె ఇచ్చేశానండి," అంది తను దిగిన ఇంటావిడ రాజ్యలక్ష్మితో.

"అందులో ఏం వేసిచ్చావమ్మా?"

"ఏమీ లేదండి. శుభ్రంగా కడిగాను."

రాజ్యలక్ష్మి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఉత్త గిన్నె ఇచ్చావా తల్లీ! నాలుగు పంచదార పలుకులైనా వెయ్యొద్దూ! ఆవిడేమనుకుంటుంది?" అంటూనే స్టవ్ కట్టేసి, నాలుగు అరటిపళ్ళు కొంగులో పెట్టుకుని ఎదురింటికి పరిగెత్తింది.

లెస్తారి తన నోటుపుస్తకంలో రాసుకుంది: 'గిన్నె ఖాళీగా వెళ్ళకూడదు.' కింద రెండు గీతలు గీసింది. ఇల్లలకగానే పండగ కాదన్న సామెత ఆ పిల్లకి అప్పటికింకా తెలియదు.

ఆమెది జావా దీవిలో పెకలోంగాన్ అనే ఊరు. అక్కడా బట్టల మీద అచ్చులు వేస్తారు, కాకపోతే రాగి అచ్చుల్ని కాగిన మైనంలో ముంచి వేస్తారు. వాళ్ళ కాలేజీకీ విజయవాడలోని ఒక కాలేజీకీ కుదిరిన ఒప్పందం మీద ఐదు నెలలు కలంకారీ నేర్చుకోవడానికి వచ్చి, అద్దకం షెడ్డు ఉన్న తాతారావు ఇంట్లో దిగింది. వాళ్ళమ్మాయి తేజస్విని పెళ్ళయి గుడివాడలో ఉంటోంది. కనక ఒక గది ఖాళీగా ఉంది. తలకి గుడ్డ చుట్టుకున్న పిల్లని చూసి బందరు బస్టాండులో ఆటో అతను ఉర్దూలో పలకరించాడు. ఈమె పుస్తకాల తెలుగులో "దయచేసి పెడన వెళ్ళగలరా?" అనేసరికి పాపం దారిపొడుగునా ఇంక నోరు విప్పలేదు.

"మాంసం ఎక్కడ పడితే అక్కడిది తినదంట," అని తాతారావు చెప్పిన రోజు నుంచీ రాజ్యలక్ష్మి మసీదు వీధి కొట్టు నుంచే కోడి తెప్పించింది. చేపలకైతే ఏ పేచీ లేదు. గిలకలదిండి రేవు నుంచి వచ్చిన చందువా చేపని ముల్లు కూడా మిగల్చకుండా తినే పిల్ల పరాయిదెలా అవుతుందని ఆవిడ వాదన. వారం తిరక్కుండానే లెస్తారి 'తార' అయింది, తార 'తారమ్మ' అయింది.

వాళ్ళమ్మ రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేది. కూతురు తిన్నదా పడుకున్నదా అన్నది తర్వాత. ముందు అడిగేది డబ్బా గురించి. ప్రయాణంలో తినడానికి అన్నం పెట్టిచ్చిన నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా అది. పోగొట్టుకొస్తే గుమ్మం ఎక్కనివ్వనని ఆవిడ బెదిరింపు. లెస్తారి డబ్బాని కెమెరా ముందు పెట్టి చూపించేది. పక్కనుంచి రాజ్యలక్ష్మి చూసి, "మీ అమ్మ మా మనిషేనే!" అని పడీపడీ నవ్వింది.

తెలుగు అక్షరాలు ఆ పిల్ల వంటింట్లో నేర్చుకుంది. మనవాళ్ళు స్టీలు సామానంతటి మీదా పేర్లు చెక్కిస్తారు గదా. పెళ్ళికి బిందె ఇచ్చినవాళ్ళు కాలం చేసినా బిందె మీద పేరు అలాగే ఉంటుంది. లెస్తారి గంటె మీద ఒత్తు గుర్తుపట్టింది, బిందె మీద సున్న గుర్తుపట్టింది, పళ్ళెం మీద 'తేజస్విని వివాహము' అని కూడబలుక్కుని చదివింది. చదివిన ప్రతి పేరుకీ రాజ్యలక్ష్మి వంశవృక్షం అప్పజెప్పేది. ఈ దాక ఇచ్చిన మా పిన్నికి నోటి దురుసు, ఈ కంచం ఇచ్చిన మా మావయ్య పోయిన ఏడు వరద.

పై అరలో, తక్కిన సామానుకి ఎడంగా, ఒక మూతగిన్నె బోర్లించి ఉండేది. ఒకనాడు లెస్తారి ముక్కాలిపీట ఎక్కి దాని అంచు మీద చదివింది.

"మా-ణి-క్యం. మాణిక్యం ఎవరండి?"

వంశవృక్షం రాలేదు. రాజ్యలక్ష్మి పప్పు మెదుపుతున్న చెయ్యి ఆగి, మళ్ళీ కదిలింది. "దాని జోలికెళ్ళకు. దిగు, పడతావు."

కానీ లెస్తారి కళ్ళు ఊరుకోలేదు. ఆ గిన్నెలో ఎప్పుడూ ఏదీ వండరు, ఏదీ పోయరు. అయినా ప్రతి శుక్రవారం రాజ్యలక్ష్మి దాన్ని కిందికి దింపి, చింతపండు వేసి తోమి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ అక్కడే బోర్లిస్తుంది. ఇంట్లో అన్నిటికన్నా మెరిసేది ఆ వాడని గిన్నే.

సంగతేమిటో షెడ్డులో తాతారావు చెప్పాడు. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన బట్ట బల్ల మీద పరిచి, అచ్చుని నల్లరంగులో అద్ది, పిడికిలితో ఒక్క పోటు పొడుస్తూ, మధ్యమధ్యలో మాట విడిచాడు.

"పక్కింట్లో ఉండేవాళ్ళమ్మా. మాణిక్యం, పున్నయ్య. మా ఇద్దరి గోడ ఒకటే. ఆడాళ్ళిద్దరూ వదినా వదినా అనుకుంటూ పాతికేళ్ళు ఒకే పొయ్యి మీద వండినట్టే బతికారు. నాలుగేళ్ళ కిందట వాళ్ళు అవనిగడ్డ వెళ్ళి బట్టల కొట్టు పెట్టుకున్నారు. వెళ్ళేరోజు ఆ గిన్నెతో పరమాన్నం ఇచ్చి వెళ్ళింది మాణిక్యం. అదయిన రెణ్ణెల్లకే మా తేజు పెళ్ళి." ఒక పోటు. "ఈవిడ నలభై ఇళ్ళకి వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. మాణిక్యాన్ని మాత్రం ఫోన్లో పిలిచింది. అంతే! ఆవిడ పెళ్ళికి రాలేదు. రాలేదని ఈవిడ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. పెళ్ళి లడ్డూలు పెట్టి ఇద్దామనుకున్న గిన్నె అక్కడే ఉండిపోయింది."

"మీరు మాట్లాడకూడదా అండి?"

"ఆ ఇద్దరి మధ్యలో దూరితే అచ్చు మధ్యలో వేలు పెట్టినట్టే," అని తాతారావు తన నల్లటి బొటనవేలు చూపించాడు.

లెస్తారి రాత్రి తేజస్వినికి మెసేజ్ పెట్టింది: ఫోన్లో పిలవడం అంత తప్పా? తేజస్విని నుంచి వెంటనే జవాబొచ్చింది. 'తప్పు కాదు, అసలు అది పిలుపే కాదు. నా పెళ్ళి వీడియోలో మా అమ్మ ప్రతి రెండు నిమిషాలకీ గేటు వైపు చూస్తూ ఉంటుంది, నీకు చూపిస్తాను.'

ఆ మాటతో లెస్తారికి ఆ గిన్నె తన బాధ్యత అనిపించింది. ఆ వయసులో అలాగే అనిపిస్తుంది. తన కోసం కోడి తెచ్చే వీధి మార్చుకున్న మనిషికి తను ఏదో ఒకటి చేసి వెళ్ళాలని మనసు పీకుతోంది. ఎలాగో కూడా తెలిసినట్టే ఉంది. గిన్నె ఖాళీగా వెళ్ళకూడదు. అయితే నింపి ఇస్తే సరి!

డిసెంబరు వచ్చింది. ఊరు వదిలేముందు తను అద్దిన బట్టలన్నీ షెడ్డులో తీగల మీద ఆరేసి అందరికీ చూపించాలి, అది కాలేజీ వాళ్ళ నియమం. లెస్తారి ఫోన్లో అందమైన కార్డు తయారుచేసింది. రాజ్యలక్ష్మి దాన్ని చూసి, "బావుంది. కానీ ఫోన్లో పిలిస్తే ఎవరొస్తారమ్మా," అంది. ఫోన్ తిరిగిచ్చేస్తూ, "నాకు తెలుసు," అంది మెల్లగా.

ఇద్దరూ కలిసి వీధంతా తిరిగారు. కుంకుమ భరిణె రాజ్యలక్ష్మి చేతిలో, మాటలు లెస్తారి నోట. "మా బట్టలు చూడడానికి మీరందరూ తప్పకుండా రావాలండి," అని ఆ పిల్ల అంటూంటే, ఈవిడ బొట్టు పెడుతూ వచ్చింది. ఫలానా రోజని నాలుగు ముక్కలు చెప్పడానికి ఇంత నడక ఎందుకో మూడో ఇంటికల్లా లెస్తారికి అర్థమైంది. అక్కడ చూపించేది మాట కాదు, ఎండలో నడిచొచ్చిన మొహం.

ఆదివారం పొద్దున్నే రాజ్యలక్ష్మి చిన్న మనవణ్ణి చూడ్డానికి గుడివాడ రైలెక్కింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు లెస్తారి బియ్యప్పిండి కలిపి, చిన్న చిన్న ఉండల్లో తాటిబెల్లం ముక్క దాచి, ఉడికించి, పచ్చికొబ్బరి కోరులో దొర్లించింది. వాళ్ళమ్మ చేసే పద్ధతే. అక్కడ రంగు కోసం కలిపే ఆకు రసం ఇక్కడ దొరక్క పచ్చగా రాలేదు, తెల్లగా వచ్చాయి. పీట ఎక్కి మాణిక్యం గిన్నె దింపి, నిండా పేర్చి, మూత పెట్టి, గుడ్డ చుట్టింది. బందరు వెళ్ళి అవనిగడ్డ బస్సెక్కింది. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వంతెన. కోతలైన పొలాల్లో కుప్పలు, మధ్యలో మినుము మొలకలు. ఒళ్ళో గిన్నె వెచ్చగా ఉంది. తను మంచి పనే చేస్తోంది అనుకుంది.

పున్నయ్య కొట్టు అడిగితే ఎవరైనా చెబుతారు. కొట్టు వెనకే ఇల్లు. మాణిక్యం సన్నగా, పొడుగ్గా, చేతికి రెండంటే రెండే గాజులతో ఉంది. తాతారావు గారింట్లో ఉంటున్నానని చెప్పగానే గబగబా కుర్చీ వేసింది. అప్పుడు లెస్తారి గుడ్డ విప్పి గిన్నె చేతికిచ్చింది.

మాణిక్యం తన పేరు చూసుకుంది. మొహంలో రంగు దిగిపోయింది.

"గిన్నె పంపేసిందా?" అంది. "ఆ రోజు ఫోన్లో పిలిచింది, ఇవాళ మనిషి చేత గిన్నె పంపేసిందా? సరే. తీరిపోయింది."

"లేదండి! ఆవిడ పంపలేదు. ఆవిడకి తెలియదు. నేనే తెచ్చాను. ఖాళీగా తేలేదండి, చూడండి," అని లెస్తారి మూత తీసింది.

మాణిక్యం ఉండల వంక చూడలేదు. "ఆవిడ పంపలేదూ?" అని మళ్ళీ అడిగింది. "ఇన్నాళ్ళూ ఉంచుకుందా?"

"ప్రతి శుక్రవారం తోముతారండి. చింతపండుతో."

మాణిక్యం కుర్చీలో కూలబడి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి ఎందుకు తెచ్చావే పిచ్చి తల్లీ! అది అక్కడుంటే... ఎప్పుడో ఒకనాడు నా గిన్నె ఏదీ అని అడగడానికైనా వెళ్ళొచ్చనుకున్నాను. ఆవిడైనా ఇవ్వడానికి రావచ్చనుకున్నాను. పెద్దవాళ్ళం, ఉత్త పుణ్యానికి ఎలా వెళ్తాం? ఒక వంకుండాలి కదా. ఉన్న ఒక్క వంకా నువ్వు పట్టుకొచ్చేశావు."

లెస్తారికి ప్రతి ముక్కా అర్థమైంది. అర్థం కాకపోతే బావుండుననిపించింది.

"వెనక్కి తీసుకెళ్తానండి," అంది చేతులు చాచి.

"ఇంటికొచ్చిన గిన్నెని ఏమని పంపను? నేను బతిమాలినట్టుండదూ?" మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నేను పొద్దుటే తలంటుకుని కూచున్నాను. పెళ్ళివారు పిలుపులకి అవనిగడ్డ వైపు వస్తారని తెలిసి, కుర్చీలు తుడిచి వేశాను. పాలు రెండుసార్లు కాచాను. జోరున వాన. మూడింటికి ఫోన్ మోగింది. ఫోనా, అని పెట్టేశాను." గిన్నె పక్కన పెట్టి లేచి, "అన్నం తిని వెళ్ళు. నీ తప్పేముంది," అంది.

లెస్తారి తిని బస్సెక్కింది. తిరుగు ప్రయాణంలో ఒళ్ళు ఖాళీగా ఉంది. నోటుపుస్తకంలో రెండు గీతలు గీసిన వాక్యం గుర్తొచ్చి సిగ్గేసింది. నియమం నేర్చుకుంది గానీ, ఆ నియమం ఎవరికోసం పుట్టిందో ఆ మనుషుల్ని అడగలేదు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. రాజ్యలక్ష్మి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది, పై అర వైపు చూస్తూ. అరలో గిన్నె ఉండే చోట గుండ్రంగా మరక. తాతారావు గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి వెళ్ళమని కళ్ళతోనే సైగ చేశాడు.

లెస్తారి ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చుంది. "నేను తప్పు చేశానండి," అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా, వచ్చిన తెలుగంతా వాడి చెప్పింది. తీరిపోయింది అన్న మాట కూడా చెప్పింది. రాజ్యలక్ష్మి తిట్టలేదు. తిడితే బావుండేది. కొంగుతో నేల మీద లేని మెతుకులు ఏరుతూ విన్నది. కుర్చీల మాట దగ్గర చెయ్యి ఆగింది.

"కుర్చీలు వేసుకుని కూచుందా?"

"తుడిచి వేశారంట. పాలు రెండుసార్లు కాచారంట."

"నా కోసమా?"

"మీ కోసమేనండి."

రాజ్యలక్ష్మి చిన్నపిల్లలా ఏడ్చింది. "నేను చల్లపల్లి దాకా వెళ్ళానే! భరిణె కొంగున కట్టుకుని. తుఫాను వాన, పులిగడ్డ దగ్గర రోడ్డు మీదకి నీళ్ళొచ్చేశాయని బస్సులాపేశారు. బస్టాండులో రెండు గంటలు నిలబడ్డాను. మర్నాడు పెళ్ళికూతుర్ని చెయ్యాలి, ఇంటి నిండా జనం. అక్కణ్ణించే ఫోన్ చేశాను. వదినా, పెళ్ళికి రా, అన్నానో లేదో, టక్కున పెట్టేసింది. నాకూ రోషం వచ్చింది, చల్లపల్లి దాకా వెళ్ళినట్టు ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే గదా తెలిసేది, దానికైనా, నాకైనా!"

"మరి తర్వాత చెప్పలేదేమండి?"

రాజ్యలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే ఊళ్ళో సగం తగువులు ఉండవు.

మర్నాడు తెల్లవారేసరికి ఆవిడ తలంటు పోసుకుంది. తేజస్విని పెళ్ళికి కట్టుకున్న ముదురాకుపచ్చ పట్టుచీర పెట్టెలోంచి తీసి కట్టింది. సోమవారం పొద్దున్నే ఈ వేషమేమిటని తాతారావు అడగబోయి, పెళ్ళాం మొహం చూసి, ఆటో పిలవడానికి వెళ్ళిపోయాడు.

"నువ్వూ రా," అంది లెస్తారితో. "భరిణె నువ్వు పట్టుకో."

చల్లపల్లిలో బస్సు ఆగినప్పుడు ఆవిడ కిటికీలోంచి ఒక సిమెంటు బల్ల చూపించి, "అదుగో, అక్కడే నిలబడ్డాను," అంది.

మాణిక్యం వాకిట్లో ముగ్గు వేస్తోంది. తలెత్తి చూసింది. ముగ్గుపిండి వేళ్ళ సందుల్లోంచి జారి ముగ్గంతా పాడైంది. రాజ్యలక్ష్మి గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా, పరాయి ఇంటికి మొదటిసారి వచ్చిన పెళ్ళివారి మనిషిలా నిటారుగా నిలబడింది. లెస్తారి భరిణె మూత తీసింది.

"మా తేజస్విని పెళ్ళి. మీరిద్దరూ తప్పకుండా రావాలి," అంది రాజ్యలక్ష్మి.

మాణిక్యం ముగ్గుపిండి చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఎప్పుడు?" అంది చివరికి.

"నాలుగేళ్ళయింది." రాజ్యలక్ష్మి భరిణెలో వేలు అద్దింది. "ఆ రోజు చల్లపల్లి దాకా వచ్చాను వదినా. వాన, బస్సులాపేశారు. మిగతా దారి ఇవాళొచ్చాను."

మాణిక్యం నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుని, కళ్ళు మూసుకుని, మొహం ముందుకు పెట్టింది. రాజ్యలక్ష్మి బొట్టు పెట్టింది. బొట్టు కాస్త పక్కకి పోయింది.

"పిలిచేది ఇంత ఆలస్యంగానా?" అంది మాణిక్యం, కళ్ళు మూసుకునే. "చీర కొనుక్కోవద్దూ నేను?"

అంతే, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. ఏది ఏదో పున్నయ్యకి అర్థం కాక కొట్టు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. లెస్తారి భరిణె మూత పెట్టి, ముగ్గు తొక్కకుండా పక్కకి జరిగి, మొహం అటు తిప్పుకుని తనూ ఏడ్చింది.

తిరిగొచ్చేటప్పుడు మాణిక్యం గిన్నె మళ్ళీ లెస్తారి ఒళ్ళోకి వచ్చింది, ఈసారి పరమాన్నంతో. "ఆ ఉండలు బావున్నాయమ్మా, రాత్రి అన్నీ ఈయనే తినేశాడు," అంది మాణిక్యం. రాజ్యలక్ష్మి మాత్రం గిన్నె గురించి ఒక్కటే అంది: "ఇది ఇప్పుడప్పుడే రాదు వదినా."

"ఎవరడిగారు?" అంది మాణిక్యం.

షెడ్డులో బట్టలు ఆరేసిన రోజు మాణిక్యం అందరికన్నా ముందొచ్చింది. కొత్త చీర కట్టుకుని, పెళ్ళికొచ్చినట్టే వచ్చింది. తీగల మీద తాతారావు అచ్చుల పక్కన జావా పూలు ఊగుతుంటే, ఏది ఏ ఊరిదో చెప్పమని లెస్తారిని పదిసార్లు అడిగింది.

ప్రయాణం ముందురోజు లెస్తారి పెట్టె సర్దుకుంది. అప్పడాలు, ఆవకాయ, అచ్చు ఒకటి, రాజ్యలక్ష్మి పెట్టిన చీర, అన్నీ పట్టాయి. నీలం డబ్బా మాత్రం కనబడలేదు. గదిలో వెతికింది, షెడ్డులో వెతికింది. వంటింట్లోకి వచ్చి, అలవాటుగా పై అర వైపు చూసింది.

మాణిక్యం గిన్నె దాని చోట బోర్లించి ఉంది. పక్కనే నీలం డబ్బా, శుభ్రంగా తోమి, బోర్లించి ఉంది. రాజ్యలక్ష్మి అటు తిరిగి పొయ్యి దగ్గర ఏదో కలుపుతోంది. కలపడానికి పొయ్యి మీది గిన్నెలో పెద్దగా ఏమీ లేదు.

లెస్తారి డబ్బా దింపలేదు. గదిలోకి వెళ్ళి పెట్టెకి తాళం వేసింది.

సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. రేపు ఎన్నింటికి విమానం అనలేదు, ఆరోగ్యం ఎలా ఉందనలేదు. "డబ్బా పెట్టావా?" అంది.

"లేదమ్మా," అంది లెస్తారి. "మళ్ళీ వచ్చినప్పుడు తెచ్చుకుంటాను."